ఏటి ఒడ్డు పెళ్లిచూపులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నీళ్ల పక్కన నాలుగు బల్లలు వేసి పకోడీలు అమ్మే చోటు ఏదైనా సరే, దాని గుట్టు నన్నడగండి. ఏ బల్ల దగ్గర గాలి ఎటు కొడుతుంది, ఏ ఫ్యాను కిర్రుమంటుంది, జనరేటరు ఏ మూల పెట్టారు, పాటల పెట్టె ఏ స్తంభానికి కట్టారు, అన్నీ నాకు కంఠతా వచ్చు. నీళ్లంటే నాకేదో ప్రేమ అనుకునేరు. ముప్పై ఏళ్లు హైస్కూళ్లలో డ్రిల్లు మాస్టారిగా ఎండలో నిలబడి ఈలలు ఊదినవాణ్ని. నాకు కాస్త నీడ దొరికితే చాలు, నీళ్లక్కర్లేదు. ఈ విద్యంతా మా మేనకోడలి పెళ్లిచూపుల కోసం తిరిగి తిరిగి నేర్చుకున్నది.

మా అప్ప నాకన్నా మూడేళ్లు పెద్దది. బావ పోయి ఆరేళ్లయింది. వాళ్లకి ఒక్కతే కూతురు, ముప్పై దాటింది, వ్యవసాయ శాఖలో ఉద్యోగం. స్కూటీ మీద ఊరూరూ తిరిగి చేలు చూస్తుంది. ఎరువు ఎక్కువేసిన రైతుని ఎలా కేకలేస్తుందో నన్నూ అలాగే కేకలేస్తుంది. నా కోపానికి స్కూళ్లకి స్కూళ్లు హడలిపోయేవి గానీ, అది మాత్రం ఒక్కనాడూ ఖాతరు చెయ్యలేదు. బంగారంలాంటి పిల్ల. దానికి ఎడం చెవి వినపడదు. చిన్నప్పుడే పోయింది.

కుడి చెవి శుభ్రంగా ఉంది కాబట్టి ఉద్యోగానికీ బండి నడపడానికీ ఇబ్బంది లేదు. కానీ పెళ్లి సంబంధాల సంగతి వేరు కదా. అందుకని ఆ మాట ముందే ఎవరికీ చెప్పకూడదని నేనూ మా అప్పా నిర్ణయించాం. సరిగ్గా చెప్పాలంటే నేను నిర్ణయించాను, అప్ప తలూపింది.

ఇంటికి పిలిస్తే కుక్కరు కూతలు, పక్కింటి టీవీ, చూడ్డానికొచ్చిన చుట్టాల గోల. టౌన్లో ఏసీ హోటలుకి వెళ్తే ఇంకా అన్యాయం. తలుపులన్నీ మూసేసి పాటలు పెడతారు, ప్లేట్ల మోత, అందరి గొంతులూ కలిసిపోయి ఒకటే హోరు. అలాంటి చోట దానికి ఏ మాట ఎటునుంచి వస్తోందో తెలీదు, ముఖం చిన్నబుచ్చుకుని కూర్చుంటుంది. ఏటి ఒడ్డునైతే పైన రేకో తాటాకో తప్ప చుట్టూ గోడలుండవు, గొంతులు విడివిడిగా వినిపిస్తాయి. ఈ మధ్య అందరూ పెళ్లిచూపులు హోటళ్లలోనే పెడుతున్నారు కాబట్టి ఎవరికీ అనుమానమూ రాదు.

నేను కాగితం మీద కుర్చీల బొమ్మ గీసేవాణ్ని. దాని కుడి పక్కన పెళ్లికొడుకు, ఎదురుగా వాళ్లమ్మ, ఎడం పక్కన అడ్డుగోడలా మా అప్ప. ఆటల పోటీలకి జట్ల వరసలు గీసినట్టే గీసి, అందరికన్నా ముందెళ్లి బల్ల పట్టేవాణ్ని.

మొదటి సంబంధం వాళ్లని శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున కలిశాం. ఆదివారం కదా, వాళ్లు అరసవల్లి దర్శనం చేసుకుని నుదుట బొట్లతో నేరుగా వచ్చారు. నా కుర్చీలు నా లెక్కలో ఉన్నాయి. పెళ్లికొడుకు తల్లి వస్తూనే చుట్టూ చూసి, "మావోడు తూరుపు మొకంగా కూకోవాలండి. ఈ బల్లకి తూరుపెటు?" అంది.

అంతే, అందరూ లేచారు. వాళ్లాయన సూర్యుణ్ని చూశాడు, హోటలాయన ఏరు చూపించాడు, కుర్చీలు గరగరమని తిరిగాయి. అంతా సద్దుమణిగేసరికి పెళ్లికొడుకు తూర్పు ముఖంగా, మా పిల్లకి ఎడం పక్కన తేలాడు. పాపం నెమ్మదస్తుడు. ఏటివైపు చూస్తూ గొంతు దించి ఏవేవో అడుగుతున్నాడు. ఇది పకోడీలో ఉల్లిపాయ ఏరుకుంటూ కూర్చుంది. దాన్ని హెచ్చరిద్దామని బల్ల కింద నుంచి కాలు తన్నాను, అది పెళ్లికొడుకు తండ్రి మోకాలికి తగిలింది. ఆయన ఉలిక్కిపడి ఆ తర్వాత నాకు దూరంగా జరిగి కూర్చున్నాడు.

మా వైపు ఒక పట్టింపు ఉంది. సంబంధం ఖాయమయ్యేదాకా రెండు వైపులవాళ్లూ కలిసి అన్నం తినకూడదు. టీ తాగొచ్చు, పకోడీ తినొచ్చు, అన్నం మాత్రం ముట్టకూడదు. లోపల చేపలు వేగుతున్న వాసన ముక్కుపుటాలు అదరగొడుతుంటే అందరమూ మర్యాదగా పకోడీ నములుతూ కూర్చున్నాం. వాళ్ల కారు మలుపు తిరిగిందో లేదో, మేం ముగ్గురం అన్నం, చేపల పులుసు, రొయ్యల వేపుడు తెప్పించుకున్నాం.

"ఏట్లో సేపేనా?" అని వడ్డించేవాణ్ని అడిగాను.

"కాదు సార్, బీమవరం నుంచి లారీలో వస్తాది," అన్నాడు నిజాయితీగా. పక్కన ఏరు పారుతుంటే లారీ చేప తినాల్సిన కర్మ చూడండి! మా మేనకోడలు పగలబడి నవ్వింది. ఆ పులుసు మాత్రం బ్రహ్మాండంగా ఉంది, ఉన్నమాట చెప్పుకోవాలి. బావ పోయాక మా అప్ప బయట భోంచెయ్యడమే మానేసింది. అలాంటిది ఆవేళ రెండోసారి పులుసు అడిగి పోయించుకుంది. అది చూసి నాకు కడుపు నిండిపోయింది.

రెండ్రోజులకి కబురొచ్చింది. పిల్ల బాగానే ఉంది గానీ పొగరట, అబ్బాయి మూడుసార్లు మాటాడితే ఒక్కదానికీ బదులు పలకలేదట. మా అప్ప కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను మాత్రం "పోనీలే, సెవిటిదన్నారు కాదు, పొగరన్నారు, అంతే కదా," అన్నాను. నవ్విద్దామనే అన్నాను. మా మేనకోడలు నవ్వలేదు.

రెండో సంబంధం శృంగవరపుకోట వాళ్లది. వాళ్లకీ నాకూ దగ్గరని తాటిపూడి రిజర్వాయరు ఒడ్డున ఒక హోటల్లో కలుద్దామనుకున్నాం. ఈసారి తూర్పు పడమర బెడద రాకుండా నేను ఒకరోజు ముందే విజయనగరం నుంచి బస్సెక్కి వెళ్లాను. ఎడం చెవిలో గట్టిగా దూది కుక్కుకుని ఒక్కొక్క బల్ల దగ్గరా కూర్చుని, మాట ఎక్కడ బాగా వినిపిస్తుందో చూశాను. మూడు టీలు తాగాను. కొండల నీడ నీళ్లలో పడుతోంది, పడవ మోటారు అటు తిరిగినప్పుడు మాట వినిపిస్తోంది, ఇటు తిరిగినప్పుడు మింగేస్తోంది. గట్టు చివరి బల్ల సరైనదని తేల్చుకున్నాను.

వడ్డించే ఆయనకి యాభై ఏళ్లుంటాయి, భుజాన గళ్ల తువ్వాలు. నా చెవిలో దూది చూసి జాలిపడ్డాడు. "సెవిపోటా బాబూ? రెండెల్లుల్లి రెబ్బలేసి ఆవదం కాసి, గోరెచ్చగా సెవిలో పోసీండి. పోటు ఇట్టే నాగేస్తాది," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వేటి డాట్టరువా? ఎవులు సెప్పారు నీకు సెవిలో నూనె పోయమని? మరెవులికీ ఆ మాట సెప్పకు!" అని అరిచేశాను. పడవలో ఉన్నవాళ్లు కూడా తిరిగి చూశారు. ఆయన టీ గ్లాసు పట్టుకుని కొయ్యబారిపోయాడు. ఆయన తప్పేమీ లేదు. సరిగ్గా ఆ మాటే పాతికేళ్ల కిందట నేను మా అప్పకి చెప్పాను.

అప్పుడు పిల్లకి ఏడేళ్లు, వేసవి సెలవులకి అప్పతో కలిసి మా ఇంటికొచ్చింది. చెవి కారి, పోటెత్తి ఒకటే ఏడుపు. స్కూల్లో మందుల డబ్బా నా చేతిలో ఉండేది, టింక్చరు, దూది, బ్యాండేజీ నేనే వేసేవాణ్ని, దాంతో నేనే సగం డాక్టర్నని నా మిడిసిపాటు. ఆముదం కాచి నా చేత్తోనే పోశాను. పోటు తగ్గింది. "సూశావా?" అని మీసం తిప్పాను. మళ్లీ కారితే మళ్లీ పోశాను. అలా సెలవులయ్యేదాకా పోస్తూనే ఉన్నాను. డాక్టరుకి చూపిద్దామని మా అప్ప అన్నప్పుడల్లా "సెవి కారితే డాట్టరేటి? నానున్నాను కదేటి?" అని నోరు మూయించాను. తర్వాత విశాఖపట్నం తీసుకెళ్తే, లోపల అంతా పాడైపోయింది, చాలా ఆలస్యం చేశారు అన్నాడు డాక్టరు. నూనె ఎవరు పోశారని గట్టిగా అడిగాడు. మా అప్ప నా వైపు చూడకుండానే "ఇంట్లో పెద్దోలండి," అంది.

ఆ తర్వాత ఆ మాట మా ఇళ్లలో ఎవరూ ఎత్తలేదు. పిల్ల నన్ను ఎన్నడూ అడగలేదు. దానికి తెలీదనే నేను అనుకుంటూ వచ్చాను. సంబంధాలు తప్పిపోతాయన్నది నేను పైకి చెప్పుకున్న భయం. అసలు భయం అది కాదు. చెవి సంగతి బయటపడితే ఎలా పోయిందని అడుగుతారు. అడిగితే జవాబు నా దగ్గరికే వస్తుంది. అప్పుడది నన్ను ఏ కళ్లతో చూస్తుందోనని నా భయం.

తాటిపూడిలో మర్నాడు అంతా నేననుకున్నట్టే జరిగింది. కుర్చీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అబ్బాయి కుడి పక్కన కూర్చున్నాడు, ఇద్దరూ గంటసేపు నవ్వుతూ మాట్లాడుకున్నారు. వెళ్తూ వెళ్తూ వాళ్ల తండ్రి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. వాళ్లు కారెక్కి వెళ్లాక మా మేనకోడలు అంది, "రేపాయనికి సెవి సంగతి సెప్పేస్తాను మావా."

"పెళ్లయ్యాక తీరుబడిగా సెప్పుకోవే," అన్నాను.

మర్నాటి దాకా ఆగలేదు, సాయంత్రానికే ఫోను చేసి చెవి సంగతీ, నా కుర్చీల సంగతీ చెప్పేసింది. నాలుగో రోజున వాళ్లు వద్దన్నారు. చెవి గురించి కాదట. ముందే చెప్పి ఉంటే ఆలోచించేవాళ్లమనీ, కుర్చీలు అమర్చి మరీ కళ్లు కప్పే మనుషులతో వియ్యం అందుకోలేమనీ అన్నారు. ఆ మాటకి నాకు తల తీసేసినట్టయింది. తల తీసేసినట్టయితే ఊరుకోవాలి కదా, నేను శ్రీకాకుళంలో అప్ప వాళ్లింటికి వెళ్లి దాని మీద విరుచుకుపడ్డాను.

"ఎవులు సెప్పమన్నారే నిన్ను? కుదిరిన సంబందం నీ సేతుల్తోనే పాడు సేసుకున్నావు!"

"నా సెవి మావా. నాను సెప్పుకుంటాను. నాకు నేదు బయం, నీకెందుకు?"

జవాబు లేనప్పుడు నేను అరుస్తాను, అదే నా జబ్బు. నీ పెళ్లీ వద్దు, నీ గొడవా వద్దు, ఇంక నన్ను పిలవకండి అని చెప్పులేసుకుని వచ్చేశాను. రెండు నెలలు నేను ఫోను చెయ్యలేదు, అదీ చెయ్యలేదు. ఒక ఆదివారం ఉండబట్టలేక ఒక్కణ్ణే నాగావళి ఒడ్డుకి వెళ్లి ఆ పులుసే తెప్పించుకున్నాను. సగం వదిలేశాను. ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగా ఉంటే ముద్ద దిగలేదు. అది తిట్టినా సరే, పక్కనుంటే చాలనిపించింది.

ఆ తర్వాత కొద్దిరోజులకి మా అప్ప ఫోను చేసింది. "ఒరే, వచ్చే ఆదోరం కళింగపట్నం రావాల. మాస్టారు సంబందం. అదే మాటాడుకున్నాది, సోటూ అదే సూసుకున్నాది. మావ నేకపోతే నాను కూకోనని అంటన్నాది."

ఆ చివరి మాట వినగానే నా కోపం ఎటుపోయిందో తెలీదు. ఆదివారం అందరికన్నా ముందే కళింగపట్నం చేరాను. చేరి నెత్తి పట్టుకున్నాను. వంశధార సముద్రంలో కలిసే చోట తాటాకు పందిళ్ల హోటలు. ఒకవైపు సముద్రం హోరు, ఇంకోవైపు సరుగుడు తోటలో గాలి, పైన తాటాకులు పటపట కొట్టుకుంటున్నాయి. రెండు జిల్లాల్లోనూ ఇంతకన్నా పనికిమాలిన చోటు దొరకదు.

మా వాళ్లు రాగానే, "ఇక్కడ నా ఈల ఊదినా ఇనబడదే తల్లీ!" అన్నాను.

"ఇనబడకపోతే మళ్లీ అడుగుతాను మావా," అంది. రెండు నెలల తర్వాత నాతో దాని మొదటి మాట అదే.

వాళ్లు ముగ్గురొచ్చారు. హైస్కూల్లో సైన్సు చెప్పే అబ్బాయి, వాళ్లమ్మ, వాళ్ల నాన్న. నేను కుర్చీల జోలికి వెళ్లలేదు. ఇంకా ఎవరూ కూర్చోకముందే మా మేనకోడలు నమస్కారం పెట్టి, గాలికి చెదిరిన జుట్టు వెనక్కి తోసుకుని అంది, "నాకు ఎడం చెవి అసలు వినపడదండి. మీరు ఇటు కుడి పక్కన కూర్చుంటే బాగుంటుంది. వినపడనిది మళ్లీ అడుగుతాను, విసుక్కోకూడదు."

ఆ అబ్బాయి ఒక్క క్షణం దాని ముఖంలోకి చూశాడు. కుర్చీ ఎత్తుకొచ్చి కుడి పక్కన వేసుకున్నాడు. వాళ్లమ్మ మొగుడి వైపు తల తిప్పి, "మా ఇంటాయనికి రెండు సెవులూ బాగున్నాయి. ముప్పై ఐదేళ్లయినాది, నా మాట ఒక్కటైనా ఇన్నారేటో అడగండి," అంది. ఆయన నవ్వుతూ పకోడీ ప్లేటు తన వైపు లాక్కున్నాడు.

గంట గడిచింది. వాళ్లిద్దరూ ఏటి ఒడ్డు దాకా నడిచి వెళ్లి వచ్చారు. వచ్చేటప్పుడు కూడా అతను కుడి పక్కనే నడిచాడు. వాళ్లమ్మ కొడుకు వైపు చూసింది, కొడుకు తలూపాడు. ఆవిడ గట్టిగా హోటలాయన్ని పిలిచి, "బాబూ, అందరికీ అన్నం ఎట్టీయండి. సేపల పులుసు తెండి," అంది.

అన్నం! మా అప్ప బల్ల కింద నా చెయ్యి పట్టుకుంది, వేళ్లు విరిగేలా పట్టుకుంది. విస్తళ్లు పరిచారు, పొగలు కక్కే అన్నం పెట్టారు. మొదటి ముద్దలు తింటుండగా ఆవిడ మామూలుగానే అడిగింది, "సిన్నప్పట్నుంచీ ఇంతేనా అమ్మా? ఏటైనాది?"

మా అప్ప గబగబా, "సిన్నప్పుడు జొరం వొచ్చి..." అని మొదలుపెట్టింది. పాతికేళ్ల తర్వాత కూడా మా అప్ప నన్నే కాపాడబోతోంది. ఊరుకుంటే సరిపోయేది. అన్నాలు వడ్డించేశారు, సంబంధం కుదిరిపోయింది, ఇంకెవరూ అడగరు. కానీ ఎదురుగా ఆ పిల్ల ఉంది. తన లోపం తానే నిలబడి చెప్పుకున్న పిల్ల ముందు నా తప్పు మింగేసి పులుసు జుర్రుకోవడం నావల్ల కాలేదు.

"జొరం కాదండి," అన్నాను. గాలి హోరుకి ఆవిడకి వినపడలేదు. నేను గొంతెత్తాను. నేను గొంతెత్తితే మూడు పందిళ్ల అవతలికి వినిపిస్తుంది. "జొరం కాదు! నానే సెవిలో నూనె పోశాను. డాట్టరుకి సూపించనివ్వకుండా నెల్రోజులు పోశాను. దీని సెవి పోగొట్టింది నానే!"

పక్క బల్లల వాళ్లు తినడం ఆపేశారు. మా అప్ప తల దించేసుకుంది. నేను మా మేనకోడలి వైపు చూడలేక విస్తట్లో అన్నం వైపు చూస్తూ కూర్చున్నాను.

"నాకు తెలుసు మావా," అంది అది.

తలెత్తాను.

"అమ్మ నాకు ఎప్పుడో సెప్పింది. నాను ఇంటరు సదివినప్పుడు. నువ్వు బాద పడతావని నాను ఎత్తలేదు." అతని వైపు తిరిగి, అతనికి చెబుతున్నట్టుగా అంది, "నొప్పికి నేను కిందపడి దొర్లేదాన్నండి. ఎవరు ఎత్తుకున్నా ఊరుకునేదాన్ని కాదు. మావ ఒళ్లో పడుకోబెట్టుకుని, నూనె నా చెవిలో పోసే ముందు ప్రతిసారీ తన ముంజేతి మీద పోసుకుని వేడి చూసుకునేవాడు. ఒకసారి చెయ్యి కాలి పొక్కింది కూడా. నాకు వెచ్చగా ఉండేది, అలాగే నిద్రపోయేదాన్ని."

నాకది గుర్తే లేదు. ఆముదం గిన్నె గుర్తుంది, డాక్టరు ముఖం గుర్తుంది, అప్ప చెప్పిన అబద్ధం గుర్తుంది. చెయ్యి కాల్చుకున్నది మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు. అది ఏడేళ్ల వయసులో చూసి ఇన్నేళ్లూ దాచుకుంది.

కొత్త వియ్యాలవారి ముందు, సగం తిన్న విస్తరి ముందు, నేను బావురుమని ఏడ్చేశాను. మా మేనకోడలు లేచి వచ్చి నా కుర్చీ పక్కన నిలబడి, ఎంగిలి చెయ్యి దూరంగా పెట్టుకుని, రెండో చేత్తో నా తల తన పొట్టకి ఆనించుకుంది. "తిను మావా, సల్లారిపోతాది," అంది.